మే పువ్వు జిగురు

డెల్ఫీనా ఎండిన మొక్కజొన్న దంటును మోకాలి మీద ఆనించుకుని పైపెచ్చు ఒలుస్తోంది. కణుపు దగ్గర కత్తిమొన దించి బొటనవేలితో తోస్తే పెచ్చు పొడుగునా లేచి వస్తుంది. లోపల తెల్లటి బెండు. పురుగు చుక్క ఉన్న బెండు ఎడమ పక్కకి, లేనిది కుడి పక్కకి. ఎడమ పక్కది పొయ్యిలోకి పోతుంది, కుడి పక్కది దేవుడిలోకి.

వాకిట్లో కుక్క మొరిగింది. ఇద్దరు మనుషులు దుప్పట్లో చుట్టిన నిలువెత్తు మూటను తెచ్చి అరుగు మీద దించారు. మనిషంత పొడుగున్నా రెండు కోళ్ళున్న గంపంత బరువు కూడా ఉండదది. మోసినవాళ్ళకు చెమట పట్టలేదు. వాళ్ళ వెనకాల టోపీ చేత్తో పట్టుకుని వచ్చిన ఎవోడియో సీరాకే పట్టింది.

"చెల్లెమ్మా, స్వామి కుడి చెయ్యి ఊడిపోయింది," అన్నాడతను.

"ఊడకేం చేస్తుంది? ఈ ఏటి కొలువు ఎవరిదో చూసుకుని ఉంటాడు," అంది గుమ్మం పక్కన కంకులు ఒలుస్తున్న నతివిదాద్. ఆవిడ డెల్ఫీనాకు మేనత్త. ఎనభై దాటాయి. కళ్ళు మసకేశాయి గానీ నోరు మసకెయ్యలేదు.

మోసుకొచ్చినవాళ్ళు నవ్వాపుకున్నారు. డెల్ఫీనా కత్తి పక్కన పెట్టి దుప్పటి విప్పింది. ఓక్ తోపు స్వామి, చర్చిలో శిలువ మీద నుంచి దించి తెచ్చిన క్రీస్తు బొమ్మ. ముప్పై ఏళ్ళ కిందట ఈ అరుగు మీదే, ఇదే వాటంలో, ఆమె తండ్రి క్రెసెన్సియో వాకుస్ చేతుల్లో పుట్టినవాడు. ఎముకలు బెండువి, కండ బెండు పొడి ముద్దది, రెంటినీ పట్టి ఉంచేది మే పువ్వు గడ్డల జిగురు. భుజం దగ్గర తెల్లగా పెళుసుబారిన బజారు జిగురు కనిపించింది. దాని మధ్య తుప్పు పట్టిన మేకు.

"ఎవరు దించారీ మేకు?"

"పోయినేడు సందు కనబడితే పట్నం నుంచి ఒకతన్ని పిలిపించాను. బాగా చదువుకున్నవాడే."

"అదే అనుకున్నా. చేత్తో బతికేవాడు బెండులో మేకు దించడు."

ఎవోడియో టోపీని ఇటు తిప్పి అటు తిప్పాడు. తర్వాత మోసుకొచ్చినవాళ్ళకు కూడా వినబడేలా అన్నాడు: "నువ్వు బాగుచేస్తావని నాకు తెలుసులే. నా మీద ఎంత కోపమున్నా ఇది మేస్త్రీ గారి చేతి పని. తండ్రి పనిని నువ్వు పాడుచెయ్యవు."

ఆ మాట నిజం. నిజం కాబట్టే ఆమెకు ఒళ్ళు మండింది. ఆమె చేతిలో ఉన్న ఒక్క ఆయుధాన్నీ అతను నలుగురి ముందు పేరు పెట్టి పిలిచి, మొండిదని తేల్చేశాడు.

"సెప్టెంబరు పండక్కి ఇస్తా," అంది. "గడ్డలు అరవై కావాలి. ఆకు రాలిపోయిన పాత గడ్డలు. మొక్కకు ఒకటే కొయ్యాలి. కోసిన చోట బూడిద అద్దాలి."

"మనిషిని పంపిస్తా."

"కొలువు మనిషిదా, నీదా?"

జిగురుకు గడ్డలు ఆ ఏటికి స్వామి కొలువు చూసుకునే వంతుదారే స్వయంగా తేవాలన్నది ఆ ఊరి ఆచారం. బాగైన స్వామిని చేసిన ఇంటి నుంచి చర్చిదాకా అతనే ఒంటరిగా భుజాన మొయ్యాలి. డబ్బున్నవాళ్ళు మొదటి పనికి కూలివాళ్ళను పెట్టి రెండో పనికి మాత్రం కొత్త చొక్కా వేసుకుని వస్తున్నారు ఈ మధ్య. అది అందరికీ తెలుసు, ఎవరూ అనరు. డెల్ఫీనా అనేసింది. మోసుకొచ్చినవాళ్ళు విన్నారు. ఎవోడియో టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

"అటక మీద కుండలో నిరుటి గడ్డల ఎండు ముక్కలు నిండా ఉన్నాయి కదే," అంది మేనత్త.

"ఉంటే?"

"ఏం లేదు. గుర్తు చేశా."

"నాకు మరుపు లేదత్తా."

నిజంగానే లేదు. ఇరవై రెండేళ్ళుగా ఆమె రోజూ మానకుండా చేస్తున్న పని అదొక్కటే, మరిచిపోకుండా ఉండటం.

ఊరి వెనక నల్లరాళ్ళ వాలు ఉంది. ఎప్పుడో కొండ కక్కిన రాయి. దాని మీద మట్టి జానెడు కూడా లేదు. ఓక్ చెట్లు అక్కడ పొట్టిగా, వంకర్లు తిరిగి పెరుగుతాయి. ఆ వంకర కొమ్మలే మే పువ్వుకు ఇల్లు. పైన్ చెట్టెక్కదు, పండ్ల చెట్టెక్కదు, నేల మీద పెడితే నెలలో కుళ్ళిపోతుంది. సరస్సు ఒడ్డు ఊళ్ళవాళ్ళు దాన్ని బదనిక అనుకుంటారు. బదనికైతే చెట్టు రసం తాగుతుంది. ఇది ఓక్ నుంచి ఒక్క చుక్క అడగదు. నిలబడ్డానికి చోటు మాత్రం అడుగుతుంది. పురికొస లావున్న వేళ్ళు బెరడును కరుచుకుని ఉంటాయి. ఎండలో సుద్దలా తెల్లగా ఉండి, మంచు తడి తగలగానే ఆకుపచ్చకు తిరుగుతాయి. ఆ తడే దాని తాగుడు, గాలి తెచ్చే దుమ్మే దాని తిండి.

గడ్డలు చిన్న నిమ్మకాయంత, వరసగా, ఒకదాని భుజాన్ని ఒకటి ఆనుకుని కూర్చుంటాయి. ఏటికొక కొత్త గడ్డ, దాని నెత్తిన తోలులాంటి ఒంటి ఆకు. వెనకాల వాటికి ఆకు రాలిపోతుంది, ఒళ్ళు ముడతలు పడుతుంది, కానీ చావవు. నీళ్ళు లేని నెలల్లో ముందున్నవాటిని సాకేది అవే. జిగురు చిక్కగా ఉండేదీ వాటిలోనే. మే నెలలో, తొలి వానకు ముందు, కొత్త గడ్డ పక్క నుంచి కాడ లేచి అరచెయ్యంత పువ్వు పూసి జూన్ చివరిదాకా నిలుస్తుంది. లేత ఊదా రంగు, మధ్య నాలుక తెల్లన, దాని మీద కలంతో గీసినట్టు ముదురు గీతలు. పూత మీదున్నప్పుడు మొక్క బలమంతా పువ్వులో ఉంటుంది. అప్పుడు కోసిన గడ్డ నీళ్ళోడుతుంది. దానితో కాచిన జిగురు ఎండేదాకా బాగానే పట్టినట్టు కనిపిస్తుంది, తడి తగిలితే వదిలేస్తుంది.

ఇక దాని గింజ గింజ కాదు, ధూళి. ఒక కాయలో లక్షలుంటాయి. పాత ఓక్ బెరడు మీద నాచు, దానికి నచ్చిన బూజు, రెండూ కుదిరిన చోట ఎక్కడో ఒకటి పట్టుకుంటుంది. అయిదేళ్ళకు బఠాణీ గింజంత. పూత చూడాలంటే పదహారేళ్ళు, ఒక్కోసారి పద్దెనిమిది.

క్రెసెన్సియో ఈ సంగతులన్నీ పుస్తకంలో చదవలేదు. ఆయనకు అక్షరాలు కూడా గుండ్రంగా రావు. చెట్టెక్కి తెలుసుకున్నాడు. తెలుసుకున్నదంతా తన దగ్గర తొమ్మిదేళ్ళు పని నేర్చుకున్న ఎవోడియోకు చెప్పాడు. వాలులో మొక్కలు దట్టంగా ఉన్న చోటు కూతురి కంటే ముందు అతనికే చూపించాడు.

ఇరవై రెండేళ్ళ కిందట, పూత మీదుండగా వచ్చే కార్పస్ పండగ వారంలో, ఎవోడియో ఆ వాలుకి రెండు అద్దె లారీలు తీసుకెళ్ళాడు. ఎక్కడం కష్టమైన చోట కొమ్మల్నే నరికించాడు. వేళ్ళతో సహా, పూలతో సహా, మొక్కలు పట్నం సంతలో గుత్తులుగా అమ్ముడుపోయాయి. ఇంటికి తీసుకెళ్ళినవాళ్ళు కుండీల్లో మట్టి పోసి నాటి ఉంటారు. నెలలో అన్నీ చచ్చి ఉంటాయి. ఎవోడియో మొదటి లారీ ఆ డబ్బుతోనే కొన్నాడు.

ఆ ఏడు సరస్సు అవతలి ఊరికి క్రెసెన్సియో ఒక శిలువ స్వామిని చేసి ఇవ్వాలి. మాట ఇచ్చేశాడు. గడ్డలు లేవు. వడ్రంగుల ఎముక జిగురుతో చేశాడు. ఊరేగింపులో వాన పడింది. నలుగురి భుజాల మీద, బ్యాండు మోగుతుండగా, స్వామి చేతులు రెండూ జారి బురదలో పడ్డాయి. "నీళ్ళకు కరిగే దేవుడు" అని పిల్లలు పాట కట్టారు. ఎందుకిలా అయిందని ఊరివాళ్ళు శిష్యుణ్ణి అడిగారు.

"ఏం చేస్తాం, ముసలాయన చెయ్యి తప్పింది," అన్నాడు ఎవోడియో.

ఆ ఒక్క మాట. లారీలనైనా క్షమించేదేమో డెల్ఫీనా. ఈ మాటను క్షమించలేదు. తండ్రి తన కత్తిని దూలానికి వేలాడదీసి, తర్వాత ఆరేళ్ళు తుంగ చాపలు అల్లుకుంటూ బతికి పోయాడు. జరిగింది ఇదీ అని ఆమె ఇంటింటికీ చెప్పింది. అప్పటికి ఎవోడియోకు మూడు లారీలున్నాయి, ఊళ్ళో సగం మంది సరుకు వాటి మీదే వెళ్ళేది. విని తల ఊపి, మొక్కజొన్న జావ పోసి పంపించారు.

స్వామిని అరుగు మీద దించి వారం తిరక్కుండానే ఎవోడియో గోనెసంచి ఒకటి లారీలో పంపించాడు. విప్పితే మే పువ్వులు. ఎక్కడి నుంచో మొదలంటా పెరికినవి. వేళ్ళకు బెరడు పెచ్చులు, కాడలకు వడలిన పూలు. తొమ్మిదేళ్ళు నేర్చుకున్నవాడు చెయ్యవలసిన తప్పు కాదది. నేర్చుకున్నదాన్ని కూడా అమ్ముకున్నవాడు చేసే తప్పు.

డెల్ఫీనా ఒక మొక్క తీసి వడలిన పువ్వును గిల్లి చూసింది. తర్వాత పూత గడ్డలు అయిదు కోసి, సన్నెకల్లు మీద వేసి నూరడం మొదలుపెట్టింది.

రాయి చప్పుడు విని మేనత్త తలెత్తింది. "పచ్చి వాసనొస్తోంది. పూత మీద గడ్డలేనా అవి?"

"అవే. అతను పంపిందే అతనికి పెడుతున్నా. సెప్టెంబరులో వాన ఎలాగూ ఉంటుంది. చెయ్యి అతని భుజం మీదే జారుతుంది. బ్యాండు కూడా ఉంటుంది."

"బాగుంది," అంది ముసలామె కంకి తిప్పుతూ. "మరి ఆ రోజు జనం ఏమంటారు? ఎవోడియో చెయ్యి తప్పిందంటారా?"

డెల్ఫీనా రాయి ఆపింది.

"మా అన్న చెయ్యి తప్పిందన్నారు ఒకసారి. ఈసారి నీది తప్పిందంటారు. వాడికి రెండు పండగలు. నూరు, నూరు. ఎందుకాపావు?"

డెల్ఫీనా లేచి సన్నెకల్లు కడిగేసింది. కోపం మాత్రం నీళ్ళతో పోలేదు. దాన్ని ఏం చెయ్యాలో తెలియక, స్వామి ఛాతీలో పురుగు ఎంత దూరం వెళ్ళిందో చూద్దామని వీపు పలక తీసింది. లోపల గుల్ల. ఈ పనిలో ఛాతీ ఎప్పుడూ గుల్లగానే ఉంచుతారు. మూసేముందు చేసిన మనిషి అందులో ఒక కాగితం మడిచి పెడతాడు. బెండు ఏ పొలంది, జిగురు ఎవరిది, చేయించింది ఎవరు, ఇలాంటివి. దేవుడికి అబద్ధం రాయరు. మళ్ళీ ఎప్పుడో బాగుచెయ్యడానికి విప్పినవాళ్ళు చదువుకుని, కిందన తమ సంగతి రాసి, మళ్ళీ మూస్తారు. మధ్యలో ఎవరికీ దాన్ని తియ్యడానికి వీల్లేదు. స్వామి గుండె పగలగొడితే తప్ప.

తండ్రి కాగితం అంచులు పురుగు కొరికింది. అక్షరాలు వంకర్లు. "బెండు మా పొలంది. గడ్డలు తెచ్చి జిగురు కాచింది ఎవోడియో సీరా. కుర్రవాడి చెయ్యి మంచిది. నా తర్వాత ఈ పని వీడిది."

ఆమె రెండుసార్లు చదివింది. మేనత్తకు చదివి వినిపించింది.

"అంత నమ్మాడు పిచ్చి వెధవ," అంది నతివిదాద్. ఒలుస్తున్న కంకిని పక్కన పెట్టేసింది.

డెల్ఫీనాకు ఏం చెయ్యాలో అప్పుడు తెలిసింది. కాగితం కింద సగం ఖాళీగా ఉంది. దాని మీద రాసింది నిలవాలంటే స్వామి నిలవాలి. స్వామి నిలవాలంటే జిగురు నిలవాలి. ఒక్క వానకు కరిగిపోయే పగ ఆమెకెందుకు? ఈ జిగురుతో చేసిన పాత స్వాములు నిలిచినన్నాళ్ళు, మూడు వందల ఏళ్ళ పగ కావాలి. దానికి మంచి గడ్డలు కావాలి.

మర్నాడే సంచి తిప్పి పంపింది. దానితో పాటు కబురు: "ప్రతి మొక్కనూ ఓక్ కొమ్మకు నారతో కట్టిరా. తర్వాత పాత గడ్డలు తే."

ఎవోడియో మండిపడుతూ వచ్చాడు. "ఆడుకుంటున్నావా నాతో? యాభై ఆరేళ్ళవాణ్ణి చెట్లెక్కమంటావా?"

"మా నాన్న అరవై ఒకటికి కూడా ఎక్కాడు. నీ లారీలు వచ్చేదాకా."

"వాలు మీద ఇంకేముంది? ఏమీ లేదు!"

"ఆ మాట నీ నోటితోనే విన్నా. సంతోషం. వెళ్ళి ఉన్నవి వెతుకు."

"వేరే పనివాణ్ణి చూసుకుంటా."

"చూసుకో. మేకులు కూడా తెచ్చుకోమను."

పండక్కి రెండున్నర నెలలుంది. కొలువు పట్టినవాడు విరిగిన స్వామితో ఊరేగింపుకు రాలేడు. వస్తే జన్మలో మళ్ళీ ఊళ్ళో తలెత్తలేడు. జులైలో పూత రాలింది, వాన పట్టుకుంది. ఎవోడియో నల్లరాళ్ళ మీద జారుతూ, తడి బెరడు కౌగిలించుకుంటూ, ఒక్కో చెట్టూ ఎక్కాడు. కొన్ని చెట్లమీద బఠాణీల్లాంటి పిల్ల గడ్డలు మాత్రమే ఉన్నాయి. నరికిన కొమ్మల మోడుల మీద అవీ లేవు. క్రెసెన్సియోకు కూడా అందని చిటారు కొమ్మల మీద, రాతి చీలికల పక్కన, ఆ రోజు తప్పించుకున్నవాటి గింజలు పెరిగి, ఇప్పుడిప్పుడే తొలి పూతలకొచ్చాయి.

మొదటి వారం పదకొండు గడ్డలు తెచ్చాడు. డెల్ఫీనా ఒక్కొక్కటీ గోటితో నొక్కి చూసింది. మూడు తీసేసింది.

"ఇవేం?"

"వీటికి మొన్నటిదాకా ఆకుంది. నువ్వే పీకావు. మచ్చ పచ్చిగా ఉంది చూడు."

ముంజేతులు గీరుకుపోయాయి. మోకాలు వాచింది. లారీల దగ్గర కూలివాళ్ళు వెనకాల నవ్వుకుంటున్నారని మేనత్త కబురు మోసింది. డెల్ఫీనా ఆ రాత్రి ఆకుల్లో ఉడికించిన మొక్కజొన్న కొరుండాలు రెండు ఎక్కువ తింది. జాలి వేస్తుందేమోనని తనలో వెతుక్కుంది. లేదు.

ఆగస్టు నడిమికి లెక్క అరవై ఒకటి అయింది. ఆఖరి గడ్డలు తెచ్చిన రోజు అతను ఆమె అడగకుండానే అన్నాడు: "కోసిన ప్రతిచోటా బూడిద అద్దాను. పక్కనున్నవాటిని కదల్చలేదు." చేతిలో గడ్డను ఒకసారి బరువు చూసి మరీ ఇచ్చాడు. పాత అలవాటు. క్షణంపాటు ఆ చెయ్యి మంచి చెయ్యే.

ఆమె గడ్డల్ని కాగితంలా పల్చగా కోసి నీడన ఎండబెట్టింది. నూరి, తడిపి, వేళ్ళ మధ్య తీగ సాగేదాకా పిసికింది. చేదు వాసన. ఆ చేదుకే పురుగు దగ్గరకు రాదు. పురుగు తిన్న బెండంతా తొలిచి కొత్తది పేర్చింది. మేకు తీసి పారేసింది. బెండు పొడిలో జిగురు కలిపి, ముద్దను భుజం కీలులో పొరపొరగా కూరుతూ, ప్రతి పొరకూ రెండు రోజులు ఆగింది. అతుకు ఆరాక స్వామిని ఆ ఒక్క చేతికే ఒక పూటంతా వేలాడదీసింది. వెంట్రుకవాసి కూడా కదల్లేదు. అప్పుడు సుద్ద పూసి, రంగు వేసి, పాత రంగుకూ కొత్తదానికీ తేడా తెలియకుండా వేలితో అరగదీసింది.

వీపు మూసేముందు తండ్రి అక్షరాల కింద రాసింది. ఆమె అక్షరాలు గుండ్రంగా ఉంటాయి. సొంతంగా నేర్చుకున్నవి.

పండగ నాటి ఉదయం ఎవోడియో కొత్త చొక్కాతో వచ్చాడు. వీధిలో జనం, బ్యాండు. ఆచారం ప్రకారం లోపలికి అతనొక్కడే రావాలి. స్వామి భుజం మీద చెయ్యి వేసి తడిమి చూశాడు. అతుకు దొరకలేదు.

"మేస్త్రీ గారి కంటే బాగా చేశావు," అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు.

"జిగురు మంచిది. నువ్వు తెచ్చిందే." ఆమె స్వామి నడుముకు తెల్లగుడ్డ బిగిస్తూ చెప్పింది. "లోపల నాన్న కాగితం ఉంది. నీ చెయ్యి మంచిదని రాశాడు. తన తర్వాత ఈ పని నీదేనని రాశాడు. అది అలాగే ఉంచాను."

ఎవోడియో కళ్ళు తుడుచుకున్నాడు.

"దాని కింద నేను రాశాను. నువ్వు లారీలు తెచ్చిన వారం, నరికించిన కొమ్మలు, అవతలి ఊళ్ళో చేతులు ఎందుకు జారాయో, అడిగినవాళ్ళకు నువ్వు ఏమన్నావో, ఆ మాట ఉన్నదున్నట్టు. ఈ ఏడు అరవై ఒక్క గడ్డ నీ చేత్తోనే కోసి తెచ్చావని కూడా రాశాను. అబద్ధం ఒక్కటి లేదు."

అతని ముఖం సున్నం కొట్టినట్టయింది. వీపు పలక మీదికి చెయ్యి పోయింది. అంచు వెతికాడు. అంచు లేదు.

"తియ్యి," అన్నాడు గొంతు తగ్గించి. "డెల్ఫీనా, తీసెయ్యి. దండం పెడతా."

"పగలగొట్టాలి. కొలువు నీది. పగలగొట్టు."

బయట బ్యాండువాళ్ళు రెండోసారి ఎత్తుకున్నారు. ఎవరో అతని పేరు పెట్టి కేకేశారు.

"ఎన్నాళ్ళుంటుందది?"

"మళ్ళీ ఎవరో విప్పేదాకా. నీ మనవల మనవలు కొలువు పట్టే నాటికి కావచ్చు. నలుగురిలో చదువుతారు."

"తెలిసుంటే కుళ్ళిన గడ్డలే తెచ్చేవాణ్ణి."

"అందుకేగా చెప్పలేదు."

మేనత్త గుమ్మం పక్క నుంచి, "పెళ్ళికొడుకును త్వరగా పంపవే, జనం చూస్తున్నారు," అంది.

ఎవోడియో కొత్త చొక్కా సర్దుకున్నాడు. తర్వాత మోకాలు నొప్పికి పళ్ళు బిగించి కిందికి వంగాడు. డెల్ఫీనా స్వామిని లేపి అతని కుడి భుజాన ఆనించి, బరువు మెడ మీద పడకుండా సర్ది, అతని చేతిని స్వామి నడుము చుట్టూ వేయించింది. తన చెయ్యి తీసేసింది.

"గుమ్మంలో వంగి నడు," అంది. "వేళ్ళు తగులుతాయి. రంగు ఇంకా పచ్చిగా ఉంది."

అతను వంగి బయటికి మోసుకెళ్ళాడు.